జెండా వందనానికి పాస్‌పోర్టు నంబరు ఎక్కణ్ణించి తెమ్మంటారు?

తూర్పు ఆఫ్రికాలో మేముండే ఊళ్లో, మన దౌత్య కార్యాలయం తరఫున జెండా పండగ ఏర్పాట్లు చూసే అధికారి గారికి,

అయ్యా, నమస్కారం. మీకు నేను రాస్తున్న ఏడో ఉత్తరం ఇది. మొదటి ఆరింటిలో నాలుగు మెయిళ్లు, రెండు మీ కౌంటర్లో ఇచ్చి ముద్ర వేయించుకున్న అర్జీలు. అన్నిటికీ కలిపి ఒక్కటే జవాబు వచ్చింది: "మీ వినతి సంబంధిత విభాగానికి పంపబడింది." ఆ విభాగం ఏ ఖండంలో ఉందో చెబితే నేనే వెళ్లి కలిసేవాణ్ణి. ఇక గత్యంతరం లేక ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. నేను ప్రతి ఆదివారం వెళ్లే అనాథాశ్రమం పిల్లల్ని జెండా వందనానికి తీసుకొస్తే గేటు దగ్గర మమ్మల్ని ఆపిన సెక్యూరిటీ అతని ఉద్యోగానికి ఎసరు రాకూడదు. పాపం, పిల్లలకి మంచినీళ్లు తెచ్చిచ్చింది అతనొక్కడే.

కిందటేడు మైకు పట్టుకుని, "వచ్చే ఏడు ఆ అనాథాశ్రమం పిల్లలు ఈ జెండా కిందే జనగణమన పాడతారు" అన్నది మీరే. నేను అడగలేదు, మీ అంతట మీరే అన్నారు. చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి. ఆ మాట వెళ్లి పిల్లలకి చెప్పడమే నేను చేసిన పొరపాటు.

34 మంది పిల్లలండీ. జులై మొదటి వారంలో మొదలుపెట్టాం. 52 సెకన్ల పాటకి ఆరు వారాలు పట్టింది. మన ఒత్తులు వాళ్లకి నోరు తిరగవు. 'భాగ్యవిధాతా' కాస్తా 'బాగ్యవిదాతా' అయ్యేది. మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు, నోటి ముందు అరచెయ్యి పెట్టించి, గాలి తగలాలర్రా అంటూ ఒక్కొక్కరిచేతా 'భ' పలికించింది. (మనవాళ్లలో ఎంతమంది పలుకుతారో, అది వేరే సంగతి.)

మాది బందరు దగ్గర. జెండాకి రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు మా భట్లపెనుమర్రులో పుట్టారని, కుర్రతనంలో దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి సిపాయిగా ఈ ఖండానికే వచ్చారని, 1921లో బెజవాడలో గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చారని చెబితే నోళ్లు తెరుచుకుని విన్నారు. ఒక కుర్రాడు చక్రం గీసినప్పుడల్లా 23 ఆకులే వచ్చేవి. చివరికి కోణమానిని తెచ్చుకుని 15 డిగ్రీలకొకటి చొప్పున 24 గీశాడు. మీకివ్వాలని గీసిన కాగితం అది. ఇంకా నా బ్యాగులోనే ఉంది.

ఇక మీ రిజిస్ట్రేషన్ ఫారం సంగతి. పేరు పక్కన ఎర్ర చుక్క, పాస్‌పోర్టు నంబరు పక్కన ఎర్ర చుక్క. చుక్క ఉన్న గడి నింపకపోతే ముందుకి కదలదు. అయ్యా, ఈ పిల్లల్లో చాలామందికి పుట్టినరోజు ఎప్పుడో కూడా తెలీదు. ఆశ్రమం నడిపే మామా (పెద్దావిణ్ణి అక్కడ అలాగే పిలుస్తారు) తనకి తోచిన తేదీలు పెట్టింది. బర్త్ సర్టిఫికెట్టే లేని పిల్లకి పాస్‌పోర్టు ఎక్కణ్ణించి తేను? ఈ మాట మూడో మెయిల్లో రాశాను, ఐదో ఉత్తరంలో మళ్లీ రాశాను. ఆఖరికి ఫోన్లో మీ ఆఫీసాయన ఒకరు "తీసుకొచ్చేయండి, గేటు దగ్గర చూసుకుందాం" అన్నారు.

గేటు దగ్గరే చూసుకున్నాం. ఆగస్టు 15 పొద్దున్న ఏడింటికల్లా రెండు వ్యాన్లలో దిగాం. ఆ రోజుల్లో ఇక్కడ చలి. చేతులకి మూడు రంగుల రిబ్బన్లు కట్టుకుని వణుకుతూ నిలబడ్డారు. లిస్టులో పేర్లు లేవన్నారు. మీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. లోపలున్న స్నేహితుడొకాయన బయటికొచ్చి నన్నూ మా ఆవిణ్ణీ రమ్మన్నాడు, మా దగ్గర పాస్‌పోర్టులున్నాయి కదా! మరి పిల్లల్ని ఎక్కడ వదిలి వెళ్లాలి?

ఇంతలో గోడ అవతల పాట మొదలైంది. ఎవరూ చెప్పకుండానే 34 మందీ ఫుట్‌పాత్ మీద అటెన్షన్‌లో నిలబడి పాడేశారు. 'భ' దగ్గర ఒక్కరూ తప్పలేదు. తర్వాత మీ ప్రసంగం కూడా మాకు బాగానే వినిపించింది. 1896 నుంచి రైలు పట్టాలు వేయడానికి ఇక్కడికి వచ్చిన మన కూలీల గురించి, తరతరాల స్నేహం గురించి చాలాసేపు చెప్పారు. "ఇంకెప్పుడు లోపలికి?" అని ఐదేళ్ల చిన్నోడు నా చెయ్యి లాగుతూనే ఉన్నాడు.

కార్యక్రమం అయ్యాక అతిథులు కారెక్కుతూ కాగితపు జెండాలు కిందే వదిలేశారు. అలా పారేయకూడదని జెండా నియమావళిలో ఉందని నేనే పాఠం చెప్పాను కాబట్టి, పిల్లలు వద్దన్నా వినకుండా అన్నీ ఏరారు. మధ్యాహ్నం ఆశ్రమంలో నీళ్ల ట్యాంకు పక్కన కర్ర పాతి మేమే జెండా ఎగరేసుకున్నాం. మామా చపాతీలు చేసింది, వాళ్లకది పండగ వంట. మా ఆవిడ రవ్వలడ్డూలు తెచ్చింది.

మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. లడ్డూలు కూడా అడగడం లేదు. మళ్లీ జనవరి 26 వస్తోంది. ఆ ఎర్ర చుక్క తీసేయండి. అది మీ చేతిలో లేదంటే మీరే ఒక గంట ఆశ్రమానికి రండి. రాలేకపోతే ఉత్తరానికి జవాబైనా ఇవ్వండి. అదీ కుదరకపోతే, దండం పెడతాను, వేదికెక్కి ఈ పిల్లల ఊసెత్తకండి. మాటిచ్చేది మీరు, మొహం చూపించాల్సింది నేను.

ప్రతి ఆదివారం వెళ్లగానే, "జనవరిలోనా, మ్వాలిము?" అని అడుగుతున్నారు. మ్వాలిము అంటే మాస్టారు. ప్రాక్టీసు ఆపమంటారా, సాగించమంటారా? కనీసం అదైనా చెప్పండి.

ఇట్లు,
గేటు బయట నిలబడ్డ బందరువాడు