నా గొంతు గడ్డ విషయంలో తోడు నిలిచిన వాళ్లందరికీ

గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పెరిగిన గడ్డను కోత లేకుండా వేడితో కాల్పించుకున్నాను. దాని ఆరు నెలల స్కాను నిన్ననే అయింది. ఫలితం తెలియకుండా ఏమీ రాయకూడదని ఇన్నాళ్లూ ఆగాను. గడ్డ బాగా తగ్గింది. థైరాయిడ్ రక్తపరీక్ష మామూలుగా ఉంది, మాత్రలు వేసుకునే అవసరం రాలేదు, మెడ మీద కోత గుర్తు లేదు. ఇక ధైర్యంగా కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు.

మొదటి నమస్కారం హనుమకొండ నయీంనగర్ నుంచి మా దుకాణానికి వచ్చే ఒక అక్కకు. పేరు రాస్తే కోప్పడుతుంది. పెళ్లి బ్లౌజుకు కొలతలు ఇస్తూ, నేను మంచినీళ్లు తాగుతుంటే నా గొంతు వైపే చూసి, "మింగినప్పుడల్లా ఏదో పైకీ కిందికీ కదులుతోంది, డాక్టరుకు చూపించుకో" అన్నది. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల మెడలు కొలిచే దాని మెడ సంగతి బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చెప్పాల్సి వచ్చింది! వెల్లకిలా పడుకుంటే గొంతు నొక్కినట్టు ఉండడం, అన్నం ముద్ద ఆగి ఆగి దిగడం అప్పటికే ఉన్నాయి.

హనుమకొండలో నన్ను చూసిన ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) మేడమ్‌కు రెండో నమస్కారం. ఇలాంటి గడ్డలు ఆడవాళ్లలో చాలా మామూలని, వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని, ఇబ్బంది పెట్టని చిన్న గడ్డను ఏమీ చేయకుండా అప్పుడప్పుడూ స్కాను చేసి చూసుకుంటే చాలని ముందే చెప్పారు. నాది కుడివైపు, నాలుగు సెంటీమీటర్ల పొడవు, లోపల దాదాపు అంతా కండే, నీరు తక్కువ. సూదితో కణాలు తీసి పరీక్షిస్తే బెథెస్డా పద్ధతిలో రెండో తరగతి అని వచ్చింది. ఆ పద్ధతిలో ఆరు తరగతులు ఉంటాయి. రెండో తరగతి అంటే క్యాన్సర్ కాని గడ్డ అని. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "గడ్డను తగ్గించుకునే ఆలోచన ఉంటే ఇంకోసారి సూది పరీక్ష చేయించండి" అన్నారు. అప్పుడు విసుక్కున్నాను. ఎందుకు అవసరమో తరువాత అర్థమైంది.

మూడో నమస్కారం సర్జన్ గారికి. నిజానికి నా మనసులో ఈయనదే పెద్దపీట. థైరాయిడ్ గ్రంథిలో సగం తీసేసే ఆపరేషన్ ఎన్నో ఏళ్లుగా నమ్మకమైన దారి అని, పూర్తి మత్తు ఇవ్వాలని, మెడ మీద గుర్తు ఉంటుందని, కొంతమందికి ఆ తరువాత థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్రలు తప్పవని, స్వరనాడికి కొద్దిపాటి ప్రమాదం ఉంటుందని దాచకుండా చెప్పారు. ఆ తరువాత ఆయనే, "మీ గడ్డకు కోత లేకుండా వేడితో కాల్చే పద్ధతి కూడా పనికొస్తుంది. అది నేను చేయను. చేసేవాళ్లను కలిసి మాట్లాడి, అప్పుడు నిర్ణయించుకోండి" అన్నారు. వచ్చిన గిరాకీని పక్క దుకాణానికి పంపడం ఎంత కష్టమో నాకు తెలుసు. దండం పెట్టి వచ్చాను.

మధ్యలో ఒక చోటికి ఫోను చేస్తే, "రేపే వచ్చేయండి, రెండో సూది పరీక్ష ఎందుకు, డబ్బు దండగ" అన్నారు. వాళ్లకు కృతజ్ఞతలు లేవు.

హైదరాబాదులో ఈ చికిత్స చేసిన రేడియాలజీ డాక్టరు, అది ఏమి చేయలేదో ముందు చెప్పి, ఏమి చేస్తుందో తరువాత చెప్పారు. దీని పేరు రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్. గడ్డ మాయం కాదు, నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. అంచుల్లో మిగిలిన కణాలు కొన్నేళ్లకు మళ్లీ పెరిగితే ఇంకోసారి చేయాల్సి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్లో తీసిన గడ్డను ల్యాబుకు పంపుతారు. ఇందులో గడ్డ లోపలే కాలిపోతుంది కాబట్టి పంపడానికి ఏమీ మిగలదు. అందుకే క్యాన్సర్ కాదని ముందే రెండుసార్లు రూఢి చేసుకోవాలి. మేడమ్ మీద విసుక్కున్నది అక్కడ వదిలేశాను.

చికిత్స గదిలో మెలకువగానే ఉన్నాను. తొడలకు రెండు అట్టలు అంటించారు, కరెంటు తిరిగి వెళ్లే దారి అదేనట. మెడకు మాత్రమే మత్తు. స్కానులో చూస్తూ మెడ మధ్య నుంచి పక్కకు సూది పంపించారు. ఒక మిల్లీమీటరు పైచిలుకు లావు ఉంటుంది, నా మగ్గం సూది దాని ముందు ఎంత! వేడెక్కేది దాని కొన ఒక్కటే. గడ్డలో లోతైన చోట మొదలుపెట్టి, కొంచెం కొంచెం కాలుస్తూ పైకి లాక్కువచ్చారు. కాలిన చోట తెరమీద తెల్లగా మబ్బు పట్టింది. స్వరనాడికి వేడి తగలకుండా గడ్డ పక్కన డెక్స్‌ట్రోజ్ నీళ్లు ఎక్కించారు. మామూలు సెలైన్ వాడరు, అందులో ఉప్పు ఉంటుంది కనుక కరెంటు పారుతుంది. మధ్యమధ్య గొంతు మారిందేమో చూడడానికి ఏదైనా మాట్లాడమన్నారు. నాకు నోటికి వచ్చినవి బ్లౌజు కొలతలే. ఛాతీ ముప్పై ఆరు, చేయి పది అంటుంటే డాక్టరు గారికే నవ్వు ఆగలేదు. దవడలోకి, చెవిలోకి పోటు వచ్చినప్పుడు చెప్పగానే ఆపారు. నా చేయి వదలకుండా నిలబడ్డ నర్సమ్మా, నీ పేరు అడగడం మరిచిపోయాను. నువ్వు చల్లగా ఉండాలి. మెడ మీద ఐసు పెట్టించుకుని సాయంత్రానికి బయటపడ్డాను. కొన్నాళ్లు వాపు, నొప్పి ఉన్నాయి, అంతే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా చిట్టీలో ఆ నెల పాట జోరుగా సాగేది. విషయం తెలిసి అక్కాచెల్లెళ్లు ఒక్కరూ పాట పెంచలేదు, మొత్తం నా చేతికే ఇప్పించారు. కాజీపేటలో రైలెక్కించి, తిరిగి ఇంటికి చేర్చేదాకా వెంట ఉన్న మా వదిన రుణం తీరేది కాదు. దుకాణంలో నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి పెళ్లిళ్ల గిరాకీని ఒంటిచేత్తో లాక్కొచ్చింది. జీతం పెంచాను, ఆ మాట ఆమే అందరికీ చెప్పింది కాబట్టి ఇక్కడ దాచేదేమీ లేదు.

నిన్నటి స్కానులో గడ్డ పొడవు మూడు సెంటీమీటర్ల లోపే ఉంది. నాలుగు నుంచి మూడేనా అని ముఖం చిన్నబుచ్చుకుంటే, డాక్టరు గారు లెక్క వేసి చూపించారు. పొడవు, వెడల్పు, మందం మూడూ తగ్గాయి కాబట్టి ఘనపరిమాణంలో చూస్తే మిగిలింది మూడో వంతే. టేపుతో పని చేసే నాకు ఆ లెక్క తోచలేదు! ఇప్పుడు వెల్లకిలా హాయిగా పడుకుంటున్నాను. ఏడాది నిండాక మళ్లీ స్కాను ఉంది, ఆ తరువాత కూడా చూపించుకుంటూ ఉండాలి.

ఈ విషయం తెలిసి చాలామంది నాకూ గడ్డ ఉంది, అదే చేయించుకోనా అని అడుగుతున్నారు. నేను దర్జీని, డాక్టరును కాను. నీటితో నిండిన గడ్డకు ముందు నీరు తీసి ఆల్కహాల్ ఇంజెక్షన్ ఇవ్వడం సరిపోవచ్చని, సూది పరీక్షలో అనుమానం తేలితే ఆపరేషన్ వైపే చూస్తారని, గర్భిణులకు ఇది చేయరని, గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పి తీరాలని నాకు చెప్పారు. క్యాబేజీ మానేస్తే గడ్డ కరుగుతుందన్నవాళ్ల మాట విని మీరు క్యాబేజీ మానేస్తే మీ ఇష్టం. సూది పరీక్ష మాత్రం మానకండి.

పెళ్లి బ్లౌజులు ఆలస్యమైనా ఒక్క మాట అనకుండా ఓపిక పట్టిన వాళ్లందరికీ పేరుపేరునా దండాలు. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి కావలసిన బ్లౌజులు ఈ వారంలోనే ఇచ్చేయండి. ఆ తరువాత వస్తే ఎంత కావలసినవాళ్లయినా తీసుకోను.