ప్రమాద స్థలాల అధ్యయనం ఇంజనీరింగ్ కళాశాలలకు అప్పగించాలి

సంపాదకులకు నమస్కారాలు.

2023లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1.72 లక్షల మందికి పైగా బలయ్యారని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. ఇలాంటి కేసుల్లో అత్యధికం పోలీసు రికార్డుల్లో ఒకే కారణంతో ముగుస్తాయి: డ్రైవరు అతివేగంగా, నిర్లక్ష్యంగా నడపడం. డ్రైవర్ల తప్పు లేదని నేను అనను. కానీ అదే మలుపులో, డివైడర్ తెరిచిన అదే చోట ఏటా ప్రాణాలు పోతూ ఉంటే, అక్కడికి వచ్చిన వారందరూ నిర్లక్ష్యపరులేనని రాసి ఫైలు మూసేయడం దర్యాప్తు అనిపించుకోదు. ఈ లోటును మన జిల్లాల్లోని ఇంజనీరింగ్ కళాశాలలు చాలావరకు తీర్చగలవని, సివిల్ ఇంజనీరింగ్ బోధించిన వ్యక్తిగా నా నమ్మకం.

ప్రమాదం జరిగాక ఎస్ఐ పంచనామా రాస్తారు, చేత్తో ఒక రఫ్ స్కెచ్ గీస్తారు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని చూసి యాంత్రిక లోపం ఉందో లేదో ధ్రువీకరిస్తారు. రోడ్డును పరీక్షించే నిపుణుడు సాధారణంగా ఈ వరుసలో కనిపించడు. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియా స్మృతి) స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడాన్ని దశలవారీగా తప్పనిసరి చేస్తోంది. అయితే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరానికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లే కాబట్టి, మామూలు రోడ్డు ప్రమాద మరణం ఆ పరిధిలోకి రాదు. కళాశాలల అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది.

రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోయిన జాడ 40 మీటర్లు ఉండి, ఆ ఉపరితలపు ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు ఇచ్చే పట్టుకు కొలత) 0.6గా తేలితే, బ్రేకు వేసేటప్పుడు బండి వేగం గంటకు కనీసం 78 కిలోమీటర్లు ఉండి ఉంటుందని ఇంజనీరింగ్ విద్యార్థి చిన్న లెక్కతో చెప్పగలడు. అదే విద్యార్థి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పట్టుకుని మలుపు వాలును, ఎదుటి బండి కనబడే దూరాన్ని కొలవగలడు. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి రూపొందించిన రోడ్డు మీద ఆగడానికి కనీసం 180 మీటర్ల దూరం ముందే కనబడాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. డివైడర్ మధ్య ఏపుగా పెరిగిన గన్నేరు చెట్లు ఆ దూరాన్ని సగానికి తగ్గించాయని కొలతలతో తేలితే, కేసు స్వరూపమే మారుతుంది.

మారాలి కూడా. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఏ సెక్షన్, నిర్దేశిత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, ఆ కారణంగా మరణమో వైకల్యమో సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటుంది. ఆ రోడ్డు ప్రమాదకరమని వారికి తెలుసా, తెలిసి ఉండాల్సిందా అన్నదాన్ని కూడా న్యాయస్థానం పరిగణించాలని అదే సెక్షన్ చెబుతోంది. కళాశాల తన నివేదికను ఆ సంస్థకు రశీదుతో అందజేసిందంటే, తర్వాత జరిగే ప్రమాదంలో తమకు తెలియదనే వాదనకు తావుండదు. అలాగే, పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లిన కుటుంబానికి, మృతుడి నిర్లక్ష్యం కూడా ఉందంటూ కోత పడే సందర్భాల్లో, ఇలాంటి నివేదిక ఎంత అండగా నిలుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

సమాచారానికి కొరత లేదు. ఐఐటీ మద్రాసు, కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ ఎన్ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్ యాప్‌లో పోలీసులు ప్రమాద వివరాలను ఘటనా స్థలం నుంచే నమోదు చేస్తున్నారు. మూడేళ్లలో 500 మీటర్ల లోపు మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తున్నారు. మరోపక్క వేలాది బీటెక్ విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టు కోసం పాత నివేదికలనే తిరగరాసి, బైండింగ్ చేయించి, మార్కులు వేయించుకుని వెళ్లిపోతున్నారు. తమ ఊరి పక్క హైవే మీద చేసిన పని ఒక ప్రాణాన్ని కాపాడుతుందని తెలిస్తే ఆ పిల్లలు ఎంత శ్రద్ధగా చేస్తారో నేను కళ్లారా చూశాను.

ఇందులో కొన్ని జాగ్రత్తలు అవసరం. మృతుల, నిందితుల పేర్లు తొలగించాకే సమాచారం విద్యార్థులకు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లే నివేదికపై విద్యార్థి కాకుండా అధ్యాపకుడు సంతకం చేసి, సాక్ష్యం చెప్పే బాధ్యత కూడా తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మన కళాశాలల సివిల్ విభాగాలు చాలాచోట్ల కాంట్రాక్టర్ల నుంచి ఫీజు తీసుకుని కాంక్రీటు, తారు నమూనాలను పరీక్షిస్తుంటాయి. ఒక రోడ్డు పనికి అలా పరీక్షలు చేసిన కళాశాలకు అదే రోడ్డు అధ్యయనాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ అప్పగించరాదు.

ప్రమాద కారణాలపై లోతైన అధ్యయనానికి పథకాలు రూపొందించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం 135వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. కనుక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు దాని కింద ఉత్తర్వులిచ్చి, వచ్చే విద్యా సంవత్సరం నుంచే ప్రతి జిల్లాలోని బ్లాక్ స్పాట్లను ఒక్కొక్క కళాశాలకు కేటాయించాలని, ఆ నివేదికలను జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందుంచి, వాటిపై తీసుకున్న చర్యలను ప్రజలకు వెల్లడించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
సివిల్ ఇంజనీరింగ్ విశ్రాంత అధ్యాపకుడు,
సూర్యాపేట