1995 పేజీకి సవరణ ఎప్పుడేస్తరు సారూ?

ఎడిటర్ సారుకు నమస్తే.

మీ ఆదివారం పిల్లల పేజీల 1995 కార్టూన్ల గురించి అర పేజీ వేసిండ్రు కదా, దాని గురించే ఈ ఉత్తరం. అది వచ్చి పది రోజులు దాటింది, నాకు తెల్వక కాదు. సవరణ ఏమన్న వేస్తరేమో అని రోజూ పొద్దుగాల చాయ్ తాగుకుంట లోపలి పేజీలన్నీ తిరగేసిన, టెండర్ నోటీసులు సుత చదివిన, సవరణ మాత్రం రాలే.

ఊకుందామనే అనుకున్న. కానీ మా మనుమడు, ఆరో తరగతి, మొన్న మొఖం మాడ్సుకోని ఇంటికొచ్చిండు. బడిల క్విజ్ పెట్టి ప్రపంచంల మొట్టమొదటి ఫుల్ లెంగ్త్ యానిమేషన్ సినిమా ఏదని అడిగిండ్రట, వీడు 1917ల అర్జెంటీనాల తీసిందని రాసిండు, తప్పు అని కొట్టేసిండ్రు. "తాతా, నువ్వు చెప్పిందే రాస్తే సున్నా ఏసిండ్రు" అని నా మీదనే లేచిండు. నేను చెప్పులేసుకోని బడికి పోయిన. ఆ టీచరమ్మ పాపం మర్యాదగనే మాట్లాడింది, బల్ల సొరుగుల నుంచి మీ పేపర్ కటింగ్ తీసి సూపెట్టింది. "ప్రపంచపు తొలి యానిమేషన్ చిత్రం టాయ్ స్టోరీ" అని ఇంత లావు అక్షరాలు. "పేపర్లనే వచ్చింది కద అంకుల్" అన్నది. నేనేం మాట్లాడాలె చెప్పుండ్రి.

టాయ్ స్టోరీ 1995 నవంబర్ 22న రిలీజయ్యింది, అది మొత్తం కంప్యూటర్ల మీదనే చేసిన తొలి ఫుల్ లెంగ్త్ సినిమా. "కంప్యూటర్" అన్న ఒక్క మాట ఎగిరిపోయింది, దానితోటి 78 ఏండ్ల చరిత్ర ఎగిరిపోయింది. అర్జెంటీనాల క్విరినో క్రిస్తియాని అనేటాయన 1917లనే ఫుల్ లెంగ్త్ కార్టూన్ సినిమా తీసిండు, ఆ రీళ్లు తర్వాత అగ్గిల కాలిపోయినయ్. జర్మనీల లోటే రైనిగర్ అని ఒకామె నల్ల కాగితం కత్తెరతోటి కత్తిరించి, ఆ బొమ్మల నీడలతోటి 1926ల సినిమా తీసింది, అదిప్పటికీ దొరుకుతది, మన తోలుబొమ్మలాట చూసినోళ్లకు అది అస్సలు కొత్తగనిపించదు. 1937ల డిస్నీ స్నో వైట్ సంగతి అయితే చిన్న పోరగాన్నడిగినా చెప్తడు. మీ డెస్కుల ఉన్నోళ్లను మాత్రం అడగొద్దు.

ఒక్క తప్పయితే పోనీ అనుకుందును. సింహం పిల్ల సినిమా లయన్ కింగ్‌ను సుత 1995ల కలిపిండ్రు, అది 1994 జూన్‌ల వచ్చింది. టాయ్ స్టోరీకి "ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్" అని రాసిండ్రు, అసలు ఆ విభాగమే అప్పుడు లేదు సారూ, 2001ల వచ్చిన సినిమాల నుంచి మొదలువెట్టిండ్రు. ఆ డైరెక్టర్ జాన్ లాసెటర్‌కు ఇచ్చింది స్పెషల్ అవార్డు. ఆ సినిమా తీసింది పిక్సార్ అనే కంపెనీ, థియేటర్లకు పంచింది డిస్నీ, మీరేమో పిక్సార్ పేరే ఎత్తలే. ఇగ ఫొటో అయితే చెప్పొద్దు, చెంచాకు కండ్లు పెట్టిన ఆ ప్లాస్టిక్ బొమ్మ టాయ్ స్టోరీ నాలుగో భాగంల, 2019ల వచ్చింది. 1995 పేజీల దానికేం పని? నెట్టుల ముందు ఏది కనవడితే అది పెట్టేసుడేనా?

రాయాల్సిన ముచ్చట్లు ఎన్నున్నయో. టాయ్ స్టోరీల ఆట బొమ్మలనే హీరోలు ఎందుకయినయో రాస్తే పిల్లలు నోరు తెరిచి చదువుదురు. అప్పటి కంప్యూటర్లకు మనిషి తోలు, వెంట్రుకలు సక్కగ చేసుడు చేతకాకపోతుండె, ప్లాస్టిక్ అయితే అల్కగ వస్తుండె, గందుకే బొమ్మల కథ వాళ్లకు కలిసొచ్చింది. ఆ సినిమాల లక్షా 14 వేల పైచిలుకు ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, వాటి కోసం కంప్యూటర్లన్నీ కలిసి మొత్తం 8 లక్షల గంటలు పనిచేసినయ్. అదే ఏడాది జపాన్‌ల మమోరు ఓషీ తీసిన ఘోస్ట్ ఇన్ ద షెల్ అనే కార్టూన్ సినిమా వచ్చింది, అక్కడి టీవీల ఎవాంజెలియన్ అనే కార్టూన్ సీరియల్ మొదలయ్యింది, ఇంగ్లండోళ్లు మట్టి బొమ్మలను ఒక్కో ఫ్రేముకు ఇంత కదిలించుకుంట తీసిన ఎ క్లోజ్ షేవ్ వచ్చింది, దానికి నిజంగనే ఆస్కార్ వచ్చింది. ఒక దిక్కు కంప్యూటర్, ఇంకో దిక్కు చేతి మట్టి, రెండూ ఒక్క ఏడాదే. మీరు జపాన్‌కు ఒక్క లైన్ సుత ఇయ్యలే. మూడు పొడుపు కథలకు, ఒక కోచింగ్ సెంటర్ యాడ్‌కు మాత్రం జాగ దొరికింది.

ఇగ మన ఊరి ముచ్చట. 1995ల నేను హన్మకొండల కేబుల్ నడిపేటోన్ని. మిద్దె మీద జాలి డిష్, కింద ఒక అర్ర, మూడు గల్లీలకు వైర్లు. ఆ మే 1న మన దేశంల కార్టూన్ నెట్‌వర్క్ మొదలయ్యింది, సరిగ్గ ఎండకాలం సెలవులు. నేను ఆ ఛానల్ పట్టి వదిలిన వారానికే నా అర్ర ముందు జాతర. వసూలుకు పోతే ఇంటాయన నెల పైసలు తర్వాత అంటుండె, పోరగాళ్లు మాత్రం "అన్నా బంజెయ్యకే" అని కాళ్లకు చుట్టుకుంటుండ్రి. అంతా ఇంగ్లీషే, ఒక్క ముక్క అర్థం కాదు, అయినా పిల్లి ఎలుక కొట్టుకుంటే అర్థం కానిదేముంటది. పొద్దుగూకంగనే అదే ఛానల్ల టీఎన్టీ అని పాత ఇంగ్లీషు సినిమాలు వస్తుండె, గప్పుడు చూడాలె గొడవ, నేనే కావాలని కార్టూన్లు బంద్ చేసి నల్ల తెల్ల సినిమా పెట్టిన్నని ఒకామె మా ఇంటిదాంక వచ్చి తిట్టిపోయింది. వరంగల్ పిల్లలకు 1995 అంటే అదీ. నవంబర్ల అమెరికాల రిలీజయ్యిన సినిమా కాదు. మన దగ్గర చదివే పేపర్ల అది ఒక్క ముక్కన్న ఉండొద్దా?

మీ లోకల్ ఆఫీసుకు ఫోన్ చేసిన. ఫోన్ ఎత్తిన తమ్ముడు "అది హైదరాబాద్ డెస్క్ నుంచి వస్తది సార్, మాకు సంబంధం లేదు" అన్నడు. హైదరాబాద్‌కు చేస్తే పాట వినపడ్డది, పావుగంట ఆ పాటే. ఒకప్పుడు ఇదే పేపర్ల ఒత్తు పోతే మర్నాడు సవరణ వేస్తుండ్రి. ప్రూఫ్ చూసే పెద్దమనుషులు ఉండెటోళ్లు, వాళ్లను ఇంటికి పంపిండ్రని తెలుస్తనే ఉంది.

అయినా మిమ్మల్ని ఒక్కల్నే అని ఏం ఫాయిదా. మా దిక్కు ఒక సర్కారు బిల్డింగుకు "యానిమేషన్ శిక్షణ" అని ఫ్లెక్సీ కట్టిండ్రు, ఫ్లెక్సీ ఎండకు తెల్లగయ్యింది, క్లాసు నడిచినట్టు నేనైతే చూడలే. లోపల పాత కుర్చీలు పేర్చిండ్రు. మా వాడకట్టు బడిల డ్రాయింగ్ సారు రిటైరయినంక ఇంకో సారు రాలే. ఇగ పార్కుల పిల్లల కోసం పెట్టిన కార్టూన్ అంటే ఆ నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తడబ్బా ఒక్కటే, దానికి సుత ఒక రెక్క విరిగింది.

బొమ్మల పటాలకు పేరువడ్డ చేర్యాల ఇక్కడి నుంచి ఎంత దూరం? మూడడుగుల వెడల్పు, అరవై అడుగుల దాంక పొడవుండే పటం మీద కథంతా గళ్లు గళ్లుగ గీసి, ఊరూరా తిరిగి ఒక్కో గడి విప్పుకుంట పాడేటోళ్లు. పటం కథలు చెప్పే కూనపులోళ్లు మా పద్మశాలీల వాడకొచ్చి మార్కండేయ పురాణం చెప్తే తెల్లారేదాంక కూసుండి చూసిన చిన్నప్పుడు. బొమ్మ తర్వాత బొమ్మ, దానికి పాట, దానికి మాట. దాన్ని కార్టూన్ అన్లేరు గనుక మీ పిల్లల పేజీకి ఎక్కదు కావచ్చు. ఆ పటాలు గీసే నకాషీ కళాకారుల ఇండ్లల్ల ఇంకా బొమ్మలు గీస్తనే ఉన్నరు. బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుంట, మీ ఆదివారం డెస్క్ ఆయనను పంపుండ్రి.

నేనడిగేది పెద్దదేం కాదు. అదే పిల్లల పేజీల, అదే సైజు అక్షరాలతోటి సవరణ వెయ్యుండ్రి. పదమూడో పేజీల కింద మూలకు చీమ తల కాయంత వేస్తే నాకొద్దు. అది కటింగ్ చేసి నేను మళ్లా బడికి పోవాలె. మార్కు కలుపుతనని టీచరమ్మ మాటిచ్చింది, కానీ పేపర్ల రావాలెనట.

ఇట్లు,
ఒక పాత కేబుల్ ఆపరేటర్,
హన్మకొండ

తా.క.: సవరణల ఫొటో పెట్టేటట్టయితే ఆ చెంచా బొమ్మ మాత్రం మళ్లా పెట్టకుండ్రి.