మీ చిన్న ఇంజన్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

నా బల్ల మీద ఇప్పుడు మీ మోడల్ రైలు ఇంజన్లు పదకొండు ఉన్నాయి. డిజిటల్ కంట్రోలుకు మార్చి దసరాకల్లా ఇస్తానని తీసుకున్నవి. ఫోన్ చేసినవారికి ‘పార్టులు రాలేదండీ’ అని చెప్పుకొస్తున్నాను. అది సగమే నిజం.

అన్నీ ఎన్ స్కేలు బండ్లు. అసలు ఇంజన్‌లో 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. మామూలు పద్ధతిలో పట్టాల్లోని కరెంటు నేరుగా మోటారుకు పోతుంది. డీసీసీలో, అంటే డిజిటల్ కంట్రోలులో, పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, ఇంజన్‌లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరుకు వచ్చిన ఆదేశం చూసుకుని మోటారుకు కావలసినంతే వదులుతుంది. నెక్స్ట్18 సాకెట్ ఉన్న కొత్త మోడల్ అయితే డీకోడర్ గుచ్చితే చాలు, దానికి నేను కూడా అక్కర్లేదు. తంటా అంతా పాతవాటితోనే.

వాటిలో చాలావాటి ఛాసిస్ రెండు లోహపు ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో పట్టా కరెంటు మోస్తుంది, మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు వాటికే ఆని ఉంటాయి. డీకోడర్ పెట్టాలంటే బ్రష్‌లను రెండింటి నుంచీ పూర్తిగా విడదీయాలి. ఎక్కడ కాస్త తగిలినా డీకోడర్ పోయినట్టే. నేను కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు వేసి, మల్టీమీటరుతో చూసి, ఆ తర్వాత స్క్రూ బిగించాను. బిగింపుకు ఛాసిస్ అంచు టేపును కోసేసింది. ముందు డీకోడర్ సెట్ చేసే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి ఉంటే, అక్కడ కరెంటు తక్కువ కాబట్టి, నష్టం లేకుండా బయటపడేది. తొందరపడి మెయిన్ లైను మీదే పెట్టాను. సన్నగా పొగ, ఆ వాసన. వారం తిరక్కుండా ఇంకో బండిలోనూ అదే! రెండు డీకోడర్ల ఖర్చూ నాదే. ఇప్పుడు స్క్రూలు బిగించాక మళ్లీ మీటరు పెడుతున్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం నీళ్ల ట్యాంకు తన మీదే ఉండే ఆరు చక్రాల ఆవిరి బండి, ట్యాంకు ఇంజన్. డీకోడర్ 8 మిల్లీమీటర్ల చదరం, రెండున్నర మిల్లీమీటర్ల మందం. దానికీ చోటు లేక లోపలి బరువు దిమ్మను ఆకురాయితో అరగదీశాను. పట్టింది. కానీ బరువు తగ్గేసరికి చక్రాలు పట్టాలను అదిమి పట్టడం లేదు. మూడు పెట్టెలు లాగే బండి ఒక్కదానికే జారుతోంది, పట్టాలు చీలే పాయింట్ల దగ్గర ఆగిపోతోంది. పొట్ట కోసి బుర్ర పెట్టినట్టయింది. ఆ బండి తెచ్చిన పెద్దాయన ‘పర్లేదులే బాబూ’ అన్నారు. తిట్టినా బాగుండేది. మజూరీ తిరిగిచ్చేశాను.

ఇకపై ట్యాంకు ఇంజన్ల బరువు తియ్యను. వెనక ఒక వ్యాగన్‌ను శాశ్వతంగా తగిలించి, డీకోడర్ అందులో పెట్టి, సన్నని వైర్లతో కలుపుతాను. వ్యాగన్ చక్రాల నుంచి కూడా కరెంటు తీసుకోవచ్చు కాబట్టి పాయింట్ల మీద ఆగడమూ తగ్గుతుంది. వ్యాగన్ అంటుకుని ఉండటం ఇష్టం లేకపోతే బండి వెనక్కి తీసుకెళ్లండి, ఏమీ ఇవ్వక్కర్లేదు. 6.5 మిల్లీమీటర్ల జెడ్ స్కేలు బండ్లు ప్రస్తుతానికి తీసుకోను. నా కళ్లు ఒప్పుకోవడం లేదు.

పదకొండులో నాలుగు డీజిళ్లు వచ్చే వారం ఇస్తాను. మిగతావాటికి తేదీ చెప్పడానికి నాకే మొహం చెల్లడం లేదు, పూర్తయినవాటికి పూర్తయినట్టు ఫోన్ చేస్తాను. వెనక్కి కావాలంటే శనివారం పొద్దున రండి. పెట్టె మాత్రం తెచ్చుకోండి, నా దగ్గర అయిపోయాయి.