భోజన విరామంలో కార్డుల ఆట

తల్లిదండ్రులకు నమస్కారం.

నెల రోజులుగా ఇంట్లో "గోబ్లిన్", "శాపం", "పదో లెవెల్" లాంటి మాటలు వినబడుతూ ఉండి ఉంటాయి. ఏడో తరగతి పిల్లలు భోజన విరామంలో మంచ్‌కిన్ అనే కార్డుల ఆట ఆడుతున్నారు. "బడిలో పేకాటేమిటండీ?" అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఇందులో డబ్బు లేదు, పందెం లేదు. 2001లో స్టీవ్ జాక్సన్ తయారుచేసి, జాన్ కొవాలిక్ బొమ్మలు గీసిన హాస్యపు ఆట ఇది. ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఆడతారు. పదేళ్లు, ఆపై వయసువాళ్లకని పెట్టె మీదే ఉంటుంది.

అందరూ ఒకటో లెవెల్‌లో మొదలవుతారు. తలుపు కార్డు తిప్పితే రాక్షసుడు ఎదురుకావచ్చు, శాపం తగలవచ్చు. రాక్షసుణ్ణి ఓడిస్తే లెవెల్ పెరుగుతుంది, నిధి కార్డులు దొరుకుతాయి. ముందుగా పదికి చేరినవాళ్లు గెలిచినట్టు. ఆ రాక్షసుల్లో కుండీలో మొక్క కూడా ఒకటి! అది బయటపడ్డ ప్రతిసారీ పిల్లలు పడీపడీ నవ్వుతారు.

నా మనసుకు పట్టింది మాత్రం సాయం అడిగే ఘట్టం. బలం చాలకపోతే ఒక్కరిని తోడు పిలవచ్చు, నిధిలో వాటా ఇస్తానని బేరమాడవచ్చు. మొన్న ఒక అమ్మాయి తొమ్మిదో లెవెల్‌లో ఉంది. ఎదుటి రాక్షసుణ్ణి కొడితే ఆట ఆమెదే, కానీ బలం రెండు తక్కువైంది. "రెండు నిధులిస్తా, రా" అంది. ఎవరూ కదల్లేదు. "మూడూ నీకే" అంది. పక్కనున్న ప్రాణస్నేహితురాలు తల అడ్డంగా ఊపి, రాక్షసుడి బలం పెంచే కార్డు వేసేసింది. పారిపోవాలంటే పాచిక మీద ఐదో ఆరో పడాలి. రెండు పడింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపాగి, "నేనైనా అదే చేసేదాన్ని" అంది. గంట కొట్టాక ఇద్దరూ చేతులు పట్టుకుని క్లాసుకు వెళ్లారు.

అన్ని రోజులూ ఇలా ఉండవు. ఇద్దరు అబ్బాయిలు రెండు రోజులు మాట్లాడుకోలేదు. వాళ్లను కూర్చోబెట్టి, బేరం అందరూ వినేలా పైకి చెప్పాలని, కార్డులు పెట్టెలోకి వెళ్లాక ఆ గొడవ ఎత్తకూడదని ఒప్పించాం.

ఇంకో నియమం చెప్పాలి. తన వంతు ముగిసేసరికి చేతిలో ఐదు కార్డులకు మించి ఉంటే, మిగిలినవి అందరికన్నా తక్కువ లెవెల్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చేయాలి. ఈ ఏడాదే చేరిన ఒక అబ్బాయి మొదట్లో నోరు విప్పేవాడు కాదు. అలా వచ్చిన కార్డులతో నెమ్మదిగా పైకొచ్చాడు. నిన్న తనే "నా సాయం కావాలా? ఏమిస్తావు?" అని అడుగుతుంటే విన్నాను. నాకెంత సంతోషమైందో!

కార్డులు తరగతి గదిలోకి రాకూడదన్న కట్టుబాటు అలాగే ఉంటుంది. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు లైబ్రరీలో మీకోసం బల్లలు వేయిస్తున్నాం. ఆట నేర్పేది పిల్లలే. వాళ్లు నియమాలు చెబుతున్నప్పుడు దయచేసి మధ్యలో అందుకోకండి, చివరిదాకా చెప్పనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు