కేబినెట్ విప్పకుండానే చూసుకోవచ్చు

సంపాదకులకు నమస్కారం.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేవాళ్లు ‘ఐ5 (ఇంటెల్ ప్రాసెసర్), 8 జీబీ (ర్యామ్, అంటే మెమరీ)’ అన్న మాట విని డబ్బు చేతిలో పెట్టేస్తున్నారు. ఐ5 అంటే సరిపోదు, వెనకున్న అంకె చూడాలి. ఐ5-2400 రెండో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కు మద్దతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తోనే అయిపోయింది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరవండి. ‘స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2’ అని ఉంటే ఇంకో ర్యామ్‌కు చోటున్నట్టే. ల్యాప్‌టాప్‌లో మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. బోర్డుకు సోల్డర్ చేసిన చిప్పుల్నీ స్లాటు కిందే లెక్కేస్తుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని కనిపిస్తే అది ఊడిరాదు. పక్కనే డిస్క్ నొక్కితే ఎస్‌ఎస్‌డీయో, హెచ్‌డీడీయో తెలుస్తుంది. మొదటిది వేగంగా పనిచేసే చిప్పుల డిస్క్, రెండోది తిరిగే పాతరకం డిస్క్. 500 జీబీది 465గా చూపితే మోసం కాదు, కంపెనీ 1000 లెక్కన చెబితే విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది.

మదర్‌బోర్డు మోడల్ కావాలంటే విండోస్, ఆర్ నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని కొట్టాలి. అసెంబుల్డ్ వాటిలో ఒక్కోసారి ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎమ్’ అనే వస్తుంది, అంటే తయారీదారు పేరు నింపలేదన్నమాట. అప్పుడు సీపీయూ-జడ్ (CPU-Z) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోవచ్చు.

అలాగే విండోస్, ఆర్ నొక్కి డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని కొడితే వచ్చేదాంట్లో గ్రాఫిక్స్ ‘టోటల్ మెమరీ’ చూసి మురిసిపోకండి. అందులో ర్యామ్ నుంచి అరువు తెచ్చుకున్నదీ కలిసే ఉంటుంది. కింద ‘డిస్‌ప్లే మెమరీ’ అన్నదే అసలు లెక్క.

మామూలు ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఎన్ని వాట్లదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. దానికి మాత్రం స్క్రూడ్రైవర్ తీయాల్సిందే.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ