ఇంధన సంస్థల ప్రకటనలపై ఆంక్షల విషయమై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ‘గ్రీన్‌వాషింగ్‌’ అని పిలుస్తున్న పర్యావరణ బూటకపు ప్రచారాన్ని అదుపు చేయడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. ‘క్లీన్‌’, ‘గ్రీన్‌’, ‘కార్బన్‌ న్యూట్రల్‌’ వంటి మాటలు వాడే సంస్థ తగిన ఆధారం చూపాలనీ, ఆ వివరాలను క్యూఆర్‌ కోడ్‌ ద్వారానో వెబ్‌ లింకు ద్వారానో వినియోగదారుకు అందించాలనీ అవి చెబుతున్నాయి. ఇంతవరకు నాకు పూర్తి సమ్మతమే. దీని తరవాత పడబోయే అడుగు గురించే ఈ లేఖ.

బొగ్గు, చమురు, గ్యాస్‌ సంస్థల ప్రకటనలను మొత్తంగా నిషేధించాలన్న వాదన బలపడుతోంది. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్‌ 2024 జూన్‌లో అన్ని దేశాలనూ ఇదే కోరారు. శిలాజ ఇంధనాల ప్రకటనలపై ఫ్రాన్స్‌ 2022లో, నెదర్లాండ్స్‌లోని హేగ్‌ నగరం 2025 జనవరి నుంచి నిషేధం అమలులోకి తెచ్చాయి. పొగాకుకు 2003లో మనం చేసినదే దీనికీ చేయవచ్చు కదా అనేవారున్నారు. ఈ పోలిక నాకు పొసగదు. పొగ తాగడం మానేసిన మనిషికి లోటేమీ ఉండదు. కానీ 2023-24లో దేశంలో ఉత్పత్తయిన విద్యుత్తులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వచ్చింది. ఆ బొగ్గును ఎంత వేగంగా, ఎవరి ఖర్చుతో వదులుకోవాలన్నది రాజకీయ చర్చ. అందులో ఒక పక్షం నోరు కట్టేసి రెండో పక్షాన్ని వినమంటే ప్రజలకు మిగిలేది సగం చర్చ.

రాజ్యాంగం కూడా ఇక్కడ అడ్డు పడుతుంది. 19(2) అధికరణం వాక్‌ స్వాతంత్ర్యంపై ఆంక్షలకు అనుమతించిన కారణాల్లో దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం వంటివి ఉన్నాయి గాని ‘ప్రజాహితం’ అన్న విశాలమైన మాట లేదు. అది వృత్తి వ్యాపారాలకు సంబంధించిన 19(6)లో ఉంది. ఆ కారణాన్ని అరువు తెచ్చి వాక్‌ స్వాతంత్ర్యాన్ని కుదించకూడదని సుప్రీంకోర్టు సకాల్‌ పేపర్స్‌ అనే పత్రికా సంస్థ కేసులోనే స్పష్టం చేసింది. 1995 నాటి టాటా ప్రెస్‌ తీర్పు వాణిజ్య ప్రకటనను కూడా వాక్‌ స్వాతంత్ర్యాన్నిచ్చే 19(1)(ఎ) పరిధిలోకి తెచ్చి, దాన్ని అందుకునే హక్కు ప్రజలకు ఉందని చెప్పింది. మోసపూరితమైన ప్రకటనను మాత్రం ప్రభుత్వం అడ్డుకోవచ్చంది. గీత గీయవలసింది అక్కడే.

కెనడా అనుభవం గమనించండి. 2024 జూన్‌లో అక్కడ పోటీ చట్టాన్ని సవరించి, పర్యావరణ ప్రయోజనాల గురించి సంస్థలు చేసే ప్రకటనలకు అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన పద్ధతిలో ఆధారం ఉండాలన్నారు, నిరూపణ భారాన్ని సంస్థలపైనే పెట్టారు. ఏ పద్ధతికి గుర్తింపు ఉన్నట్టో చట్టం చెప్పలేదు. భారీ జరిమానాలకు జంకి, చమురు ఇసుక (ముడి చమురు కలిసిన ఇసుక) కంపెనీల కూటమి ఒకటి తన వెబ్‌సైటులోని సమాచారాన్నంతా తొలగించింది. అందులో అబద్ధం ఎంతో నిజం ఎంతో తేల్చే అవకాశమే పోయింది. విమర్శకులకు కూడా అది నష్టమే.

మన మార్గదర్శకాల్లో లోపం మరో చోట ఉంది. ఏ ఉత్పత్తికీ, సేవకూ ప్రత్యేకంగా సంబంధం లేకుండా సంస్థ చేసే ఆశయ ప్రకటనను వాటి నుంచి మినహాయించారు. ఇంధన సంస్థలు పూర్తి పేజీ ప్రకటనల్లో తరచు అమ్మేది తమ పేరునే గాని పెట్రోలును కాదు. ఫలానా సంవత్సరానికి ‘నెట్‌ జీరో’ (నికరంగా సున్నా కర్బన ఉద్గారాలు) సాధిస్తామన్న వాగ్దానం ఆశయమంటే ఆశయం, హామీ అంటే హామీ. అంకె, సంవత్సరం ఉన్న ఏ వాగ్దానాన్నయినా నిరూపణ పరిధిలోకి తెచ్చి, పన్నులు, సబ్సిడీలు, విధానాలపై సంస్థ వెలిబుచ్చే అభిప్రాయం ఆ పరిధిలోకి రాదని స్పష్టంగా రాయించండి. ప్రభుత్వ రంగ బొగ్గు, చమురు సంస్థలకూ ఇదే కొలత ఉండాలి. పునరుత్పాదక ఇంధన శాఖ కూడా మీ వద్దే ఉంది కనుక సౌర ఫలకాల ప్రకటనలను మినహాయించారన్న మాట రానివ్వకండి.

ఈ మార్గదర్శకాల ముసాయిదాపై 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయం కోరారు. సవరణలకూ అదే పద్ధతి పాటించండి. ఇంకొకటి. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలని 2022 మార్గదర్శకాలు ఇప్పటికే చెబుతున్నాయి. తెలుగు ప్రకటన కింది క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేస్తే తెరుచుకునే ఆధారం కూడా తెలుగులోనే ఉండేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు వినియోగదారు